మూడుకాళ్ళ నడక

మేడిపల్లి మక్కచేల నడుమ కుక్క అరికాలి గాయమును గూర్చి, దానిని మాన్పు విధమును గూర్చి

జగిత్యాలనుండి కోరుట్లకు బోవు జాతీయ రహదారిపై మేడిపల్లి దాటునపుడు, కార్తీకమాసపు ఉదయమున బస్సు కిటికీలోనుండి చూచువానికి ఇరుప్రక్కల కంటికింపుగా గోచరించునవి పచ్చని పసుపుమళ్ళు. వాని సరిహద్దుననే కోత ముగిసిన మక్కచేలలో జానెడెత్తున నిలిచియున్న మోళ్ళను మాత్రము ఎవ్వరును తేఱిపాఱ జూడరు. కంకులు విరిచి, చొప్ప కోసికొనిపోయిన పిమ్మట కొడవలి ఏటవాలుగా తెగగొట్టిన ఆ మోళ్ళు పగటియెండకు ఎండి, రాత్రిమంచుకు నాని, మరల ఎండి, క్రమక్రమముగా బిరుసెక్కి, చేనిలోనికి దిగు ప్రతిపాదమును పరీక్షించుచుండును. మనుష్యునికి చెప్పులు గలవు. ఎద్దునకును గొఱ్ఱెకును గిట్టలు గలవు. మందవెంట దినమునకు క్రోసులకొలది తిరుగు గొల్లవాని కుక్కకు మాత్రము దైవమిచ్చిన అరికాలి మెత్త తప్ప వేఱొక రక్ష లేదు. ఆ మెత్త చీలిననాడు అది ముందరి కాలొకటి పైకెత్తుకొని, మూడుకాళ్ళతో మందవెనుక కుంటుచు వచ్చును. యజమాని ఒకమారు వెనుదిరిగి చూచి, “నాలుగొద్దులైతే అదే మానుతది” అని ముందునకు సాగును.

ఆ మాట పూర్తిగా అబద్ధమనుటకు వీలులేదు. పైపొర మాత్రము గీరుకొనిపోయిన గాయము, ముల్లు దిగి వెంటనే తీసివేయబడిన బెజ్జము, కుక్క రెండుదినములు చెట్టునీడను పండుకొన్నచో దానంతట అదియే మానుట కలదు. కాని గొల్లవాని కుక్క పండుకొనదు. మంద కదలినంతనే అదియు లేచును. లేచి నాలుగడుగులు వేయగనే కూడిన చీలిక మరల విచ్చును. మందు దొరకక మానని అరికాలి గాయములు అరుదు. విశ్రాంతి దొరకక మానని గాయములే హెచ్చు. ఆ విశ్రాంతిని కుక్క తనకు తాను ఇచ్చుకొనజాలదు గనుక యజమానియే బలవంతముగ ఇయ్యవలసి యున్నది. గాయమును చూడగానే మందు సీసాకొఱకు పరుగెత్తువారు వేయిమంది కలరుగాని, కుక్కను పదునైదుదినములు కట్టివేసి కనిపెట్టుకొని యుండువాడు ఊరికొక్కడైన దొరకుట దుర్లభము.

కుక్క నడచునది పూర్ణపాదముతో కాదు, వ్రేళ్ళతో. మనకు మడమయైన యెముక దాని వెనుకకాలిలో నేలకు చాల ఎత్తున, మోకాలు వెనుకకు వంగినదా యని భ్రమ గొల్పుచోట నుండును. నేలను తాకునవి నాలుగు వ్రేళ్ళక్రింది నాలుగు చిన్న మెత్తలు, వాని వెనుక నడుమనున్న త్రికోణాకారపు పెద్దమెత్త యొకటి. ఇవి గాక ముందరికాళ్ళకు మణికట్టు వెనుక చిన్న బుడిపె వంటి మెత్త మఱియొకటి గలదు. అది వేగముగ పరుగెత్తి యొక్కుమ్మడిగ నిలువవలసివచ్చినపుడు గాని నేల నంటదు. శరీరభారములో నూటికి సుమారు 60 పాళ్ళు ముందరికాళ్ళే మోయును గావున అచ్చటి గాయము వెనుకకాలి గాయముకంటె మొండిదని వైద్యు లెఱుంగుదురు. మెత్తయొక్క పైపొర దేహమునందలి మఱి యే చర్మముకంటెను దట్టమై, కంటికానని సూక్ష్మములైన మొనలతో గరుకై యుండి, నేలపై జాఱకుండ పట్టునిచ్చును. దాని క్రింద క్రొవ్వును, పీచును, సాగు గుణముగల తంతువులును పెనవైచికొని యొక దిండుగ నేర్పడి, ప్రతి అడుగునకు ఎముకలకు తగులవలసిన తాకిడిని తానే భరించును. నెత్తుటినాళము లిచ్చట సమృద్ధిగ నుండుటచేత, గోరంత చీలికకే గచ్చంతయు ఎఱ్ఱనగును; రక్తమును జూచి భయపడినంతగా భయపడవలసిన గాయము లందు కొన్నియే. కుక్కకు చెమట పట్టుటయు ప్రధానముగ ఇచ్చటనే. పశువుల దవాఖానలో పరీక్షాబల్లపై నిలువబెట్టిన కుక్క వెఱచినపుడు దాని అడుగుజాడలు తడితడిగ పడుటను వైద్యులు దినదినము చూచుచునే యుందురు.

మంచుదేశముల కుక్కలు ఉత్తకాళ్ళతో మంచుపై నెట్లు తిరుగుచున్నవన్న ప్రశ్నకు 2011లో జపాను పరిశోధకులు చక్కని సమాధానము చెప్పిరి: ఆ మెత్తలలో హృదయమునుండి వచ్చు వెచ్చని నెత్తురునాళములును, పాదమునుండి మరలు చల్లని నెత్తురునాళములును ఒండొంటిని ఒరసికొనుచు ఏర్పడియుండి, వెచ్చదనమును పాదము దాటిపోకముందే వెనుకకు మరలించుచున్నవట. చలికి గల ఈ యుపాయము ఎండకు లేదు. జగిత్యాల ప్రాంతమున వైశాఖ జ్యేష్ఠములందు గాలివేడియే 45 డిగ్రీలకు చేరు దినములు కొత్తవి కావు. అట్టి మధ్యాహ్నమున తారురోడ్డు 60 డిగ్రీలు దాటి కాగును. అరచేతి వెనుకభాగమును రోడ్డుపై నుంచి ఏడెనిమిది సెకండ్లు నిలుపలేనిచో, ఆ రోడ్డుపై కుక్కను నడిపింపరాదు. కాలిన మెత్త ఆనాడు ఎఱ్ఱబడి యూరకుండి, ఒకటి రెండుదినముల పిమ్మట పొరగా ఊడివచ్చును గనుక, కారణము తెలియక యజమాని ‘రాత్రి ఏదో కఱచినది’ అనుకొనును. వెంటనే కనిపెట్టినచో పది పదునైదు నిమిషములు మామూలు చల్లనీరు ధారగా పోయవలయును. మంచుగడ్డ పెట్టరాదు, నూనె పూయరాదు.

తెగిన గాయమునకు మరలుదము. వీపుమీదనో ప్రక్కటెముకలమీదనో చర్మము తెగినచో అంచులు రెండును చేర్చి కుట్టిన పిమ్మట వానిని విడదీయు బలము అంతగా లేదు. అరికాలి మెత్త యట్టిది కాదు. కుక్క అడుగు మోపినప్పుడెల్ల భారమునకు మెత్త నలుదెసల విప్పారును. విప్పారినప్పుడెల్ల కుట్టుదారము లోపలి మృదువైన భాగమును కోసికొనుచు పోవును. అందుచేతనే శస్త్రవైద్యులు ఇచ్చట అంచుకు దూరముగ, లోతుగ సూది దింపి గట్టిపట్టు దొరకునట్లు కుట్టుదురు; ఇతర స్థలములందు పది పదునాలుగు దినములకు తీయు కుట్లను ఇచ్చట రెండు మూడు వారములవఱకు నుంతురు. గాయమైన 6 నుండి 8 గంటలలోపల వచ్చినచో శుభ్రపఱచి వెంటనే కుట్టుటకు అనుకూలము. మఱునాడు, మట్టియు పేడయు చేరి వాచిన పిదప తెచ్చిన గాయమును తొందరపడి కుట్టినచో లోపల చీము మూయబడును. దానిని తెఱచియే యుంచి, ప్రతిదినము కడిగి కట్టు మార్చుచు, అడుగునుండి ఎఱ్ఱని క్రొత్తకండ పెరిగి పూడునట్లు చేయుట మేలు. పైపైన ఒరసిపోయినది వారము పదిదినములలో మానును. లోతుగ చీలినదానికి మూడు వారములు, ఒక్కొక్కపుడు అంతకు మించియు పట్టును. కాలు మోపినపుడు ఒకవ్రేలి గోరు మాత్రము నేలను తాకక ఆకాశమువంక చూచుచున్నచో, తెగినది చర్మము మాత్రమే కాదు, వ్రేలిని వంచు స్నాయువు కూడ తెగినదని తెలియవలయును. ఇది ఇంటివైద్యమునకు లొంగునది కాదు.

ఇంటివైద్యము మాట వచ్చినది గనుక మన పల్లెల ఔషధశాలను ఒకమారు తెఱచి చూడవలసి యున్నది. గడ్డిచేమంతి ఆకును నలిపి పసరు పిండుట ప్రాచీనమైన యాచారము. ఆ మొక్కకు గాయపాకని పేరు వచ్చినదే అందువలన. తాజా గీతకు, ఆకు కడిగి పిండినచో, దానివలన పెద్ద హాని లేదు. పసుపు సంగతి మఱింత సున్నితమైనది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి నేలలు పసుపుకు పుట్టినిండ్లు; 2025లో జాతీయ పసుపు బోర్డు ప్రక్కనున్న నిజామాబాదుననే వెలసినది; ఇట్టి నాడులో కూర్చుండి పసుపును నిందించుటకు సాహసము వలయును. పసుపునందు సూక్ష్మజీవులను అణచు గుణము కలదని ప్రయోగశాలలును ఒప్పుకొన్నవి. కాని వంటింటి డబ్బాలోని పొడి ప్రయోగశాల సరకు కాదు. లోతుగాయములో కూరినచో అది నెత్తుటితో కలిసి పిడచగట్టి, లోపలి మట్టిని కప్పివైచి, వైద్యునికి గాయము లోతు కానరాకుండ చేయును. సున్నము కలిపినచో అది కండను కాల్చును. ఇక గాసునూనె, పాత ఇంజనాయిలు, నలుగగొట్టిన డాంబరుగోళీల పొడి — ఇవి మందులు కావు, విషములు. కుక్క తన గాయమును నాకుకొను జంతువు. పాదమునకు పూసినదంతయు సాయంకాలమునకు దాని కడుపులో నుండును.

ఇంతకంటె ప్రమాదకరమైన దయ యింకొకటి గలదు. మనకు నొప్పి కలిగినపుడు మ్రింగు మాత్రనే సగము విరిచి కుక్కకు అన్నములో కలిపి పెట్టుట. పారాసిటమాల్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ అను ఈ మూడును కుక్క కాలేయమునో, కడుపునో, మూత్రపిండములనో చెఱచునవి. డైక్లోఫెనాక్‌కు మన దేశమున వేఱొక చరిత్రయు కలదు: దానిని ఇచ్చిన పశువుల కళేబరములను తిన్న రాబందులు మూత్రపిండములు చెడి మూకుమ్మడిగ నశించుటచే, 2006లో ప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధించినది. కుక్కకు తగిన నొప్పిమందులు వేఱుగ నున్నవి. వాని మోతాదు బరువునుబట్టి వైద్యుడే చెప్పవలయును.

అయితే ఇంట చేయదగిన దేమియు లేదా యన్నచో, చాల నున్నది, అది యంతయు శుభ్రతకు సంబంధించినది. మొదట కుక్క మూతిని మెత్తని గుడ్డతో కట్టవలయును; ఎంతటి మచ్చిక కుక్కయైనను నొప్పిలో కఱచును, అది ద్రోహము కాదు. రొప్పుచున్నపుడు గాని, వాంతి చేసికొనుచున్నపుడు గాని మూతి కట్టరాదు. పిమ్మట కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి, ఆ నీటితో గాయమును, వ్రేళ్ళ సందులను ధారగా కడుగవలయును. సందులలో పల్లేరుకాయయో తుమ్మముల్లో దాగియుండుట తఱచు. పైకి కనుపించు గాజుపెంకును చిమటాతో తీయవచ్చును. లోతుగ దిగినదానిని కదలింపక వైద్యునికే విడువవలయును. నెత్తురు కాఱుచున్నచో శుభ్రమైన గుడ్డతో ఐదు పది నిమిషములు, మధ్యమధ్య ఎత్తి చూడక, అదిమిపట్టవలయును. కాలికి పైన త్రాటితో బిగగట్టుట అపాయకరము. ఆపై పావిడోన్ అయొడిన్ ద్రవమును పాలులేని పలుచని చాయ్ రంగు వచ్చువఱకు నీటితో పలుచన చేసి వాడవలయును. సీసాలోని చిక్కని ద్రవమును, స్పిరిటును, నురుగు గ్రక్కు హైడ్రోజన్ పెరాక్సైడును దినదినము పోసినచో సూక్ష్మజీవులతోబాటు క్రొత్తగా పుట్టుచున్న కండయు చచ్చును. నురుగు చూచి ‘మందు పనిచేయుచున్నది’ అని మురియుట మన బలహీనత.

కట్టు కట్టుట యొక విద్య. గాయమున కంటుకొనని గాజుగుడ్డ మొదటిపొర. వ్రేళ్ళనడుమ కొద్దికొద్దిగ దూది, లేనిచో చెమటకు ఒరసి క్రొత్త పుండ్లు పుట్టును. దానిపై మందముగ దూదిపొర. దానిపై చుట్టుగుడ్డ, వ్రేళ్ళవైపునుండి పైకి చుట్టుచు, నడిమి రెండువ్రేళ్ళ కొనలు బయటికి కనుపించునట్లు. ఆ కొనలు వాచినను, చల్లబడినను కట్టు బిగువైనదని అర్థము. ఆ క్షణమే విప్పవలయును. గుడ్డ విషయమున ఈ ప్రాంతమువారి కొక మాట చెప్పవలసియున్నది. సిరిసిల్ల మరమగ్గములు అధికముగ నేయునది పాలిస్టరు. అది ఎంత తెల్లగ నున్నను తడిని పీల్చదు. ఇంట చింపి కట్టదలచినచో పాత నూలుచీరయో, మెట్‌పల్లి ఖద్దరు ముక్కయో ఉతికి, కాచి, ఎండలో ఆఱవేసి వాడుట యుక్తము. తడిసిన కట్టు కట్టకుండుటకంటె చెడ్డది. బయటికి తీసికొనిపోవునపుడు ప్లాస్టికు సంచి తొడుగవచ్చునుగాని, ఇంటికి రాగానే తీసివేయవలయును. లేనిచో లోపల చెమటకు నాని మెత్త తెల్లబడి కుళ్ళును.

వానకాలమున నిర్లక్ష్యము చేసిన గాయమునకు మఱియొక శత్రువు కలదు. ఈగ వ్రాలి గ్రుడ్లు పెట్టగా, దినము తిరుగకమునుపే పురుగులు పుట్టి బ్రదికియున్న కండను తొలుచుకొని లోనికి పోవును. అరికాలి బెజ్జము పైకి చిన్నదిగనే యుండి లోపల గుహయగును. దుర్వాసనయు, కుక్క కాలిని ఎడతెగక నాకుటయు దీని గుర్తులు. సీతాఫలపు ఆకును నూఱి పెట్టుట మనవారి వాడుక, టర్పెంటైను నూనె పోయుట వైద్యుల వాడుక. రెండింటను పురుగులు బయటపడునుగాని, బయటపడినవానిని ఒక్కొక్కటిగ తీసివేసి, లోపల మిగిలినవానికి సూదిమందో మాత్రయో ఇయ్యనిచో పని సగములో నిలిచినట్లే. టర్పెంటైను హెచ్చైనచో నెత్తుటిలోనికి దిగి కీడు చేయును. సీతాఫలపు గింజల పొడి కంటిలో పడినచో కన్నే పోవచ్చును.

ఇప్పుడు కష్టమైన భాగము. గాయము కడిగి కట్టు కట్టించుకొని పోవు గొల్లవానికిని వైద్యునికిని జరుగు సంభాషణ ఏ దవాఖానలో విన్నను ఇంచుమించు ఒక్కతీరుననే యుండును. “సారూ, రేపు మందెంబడి తోలుకపోవచ్చునా?” అని అతడడుగును. “మానుతది కాకా, అది కూసుంటే మానుతది. నువ్వు కూసుండబెడ్తవా?” అని వైద్యుడు మరల ప్రశ్నించును. ఇందులో గొల్లవానిని తప్పు పట్టుట సులభము, అన్యాయము. రాత్రి చేనులో మంద పెట్టించినపుడు తోడేలు జాడయో దొంగ అలికిడియో మొదట పసిగట్టునది ఆ కుక్కయే. అది కొట్టములో కట్టుబడియున్న మూడు వారములు అతని నిద్ర మూడు వంతులు తగ్గును. పట్టణమున సోఫాపై పండుకొను కుక్కకు విధించు విశ్రాంతికిని దీనికిని భేదము కలదు. అయినను వేఱు మార్గము లేదు. పొడినేల గల పశువుల కొట్టములో పొట్టిగొలుసుతో కట్టి, మలమూత్రములకు మాత్రము త్రాడుపట్టి తీసికొనిపోయి, మరల తెచ్చి కట్టవలయును. ఉత్త మక్కగట్కతో కండ పెరుగదు. దినమునకొక కోడిగ్రుడ్డైనను దానికి చేర్చినచో గాయము త్వరగ పూడును.

నాకుట మాన్పుట అన్నిటికంటె కఠినము. కుక్క నాలుకలో మందున్నదని లోకోక్తి. ఉమ్మిలో సూక్ష్మజీవులను కొంత అణచు పదార్థములు గలవు, నిజమే; అవి గాక వేలకొలది సూక్ష్మజీవులును గలవు. గరుకునాలుక లేతకండను చెక్కివేయును, కుట్లను పెఱికివేయును. వైద్యులు మెడకు తొడుగు ప్లాస్టికు గరాటు దొరకనిచో, పాత ప్లాస్టికు బకెట్టు అడుగు కోసి, అంచుకు గుడ్డచుట్టి, మెడకు తగిలించినను చాలును. అది చూచుటకు హాస్యాస్పదముగ నుండును. కుక్కకును అట్లే తోచునేమో, మొదటిదినమంతయు గోడలను ఢీకొట్టుచు అవమానముతో తిరుగును.

పశువునకు చికిత్స చేయుట ఆధునికుల సుకుమారపు వేడుక యని తలచువారు కలరు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోకుడు చెక్కించిన రెండవ ధర్మలిపి, మనుష్యులకును పశువులకును వేఱువేఱుగ చికిత్స లేర్పఱచినట్లును, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించినట్లును చాటుచున్నది. నన్నయ తన ఆదిపర్వమున మొట్టమొదటనే, యజ్ఞశాలలో అకారణముగ దెబ్బలు తిన్న కుక్కపిల్ల తల్లియైన సరమను జనమేజయుని యెదుట నిలిపి, న్యాయము అడిగించెను. కర్ణాటకమందలి ఆతకూరులో క్రీ.శ. 949 నాటి వీరశిలయొకటి లభించినది. అడవిపందితో పోరాడి, దానిని చంపి తానును చచ్చిన ‘కాళి’ యను వేటకుక్కకు దాని యజమాని అది నిలిపెను. ఆ శిలలో పేర్కొనబడిన రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని కాలమున, సిరిసిల్లకు సమీపమునందలి వేములవాడను పాలించిన చాళుక్యులు ఆ వంశమునకే సామంతులు. చచ్చిన కుక్కకు శిల నిలుపుట గొప్పయే. కుంటుచున్న కుక్కకు కట్టు కట్టినవానికి ఏ శాసనమును లేదు. అయినను 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, పెంచుకొన్న జంతువు క్షేమమును చూచుట యజమాని విధి యని స్పష్టముగనే చెప్పినది.

మేడిపల్లివారికి వైద్యము దూరము కాదు. ఊరికి చేరువనే కోరుట్లలో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన కళాశాల గలదు. ఒకప్పుడు శస్త్రచికిత్స కావలసిన పశువునకు 1946లో స్థాపింపబడిన హైదరాబాదు కళాశాలయే గతి యన్న రోజులు పోయినవి. సంచార పశువైద్యశాలకై 1962 నంబరున కుచితముగ ఫోను చేయవచ్చును. వీధికుక్కకు కట్టు కట్టదలచిన దయాళువులు ఒక సంగతి మఱువరాదు: పిచ్చికుక్క వ్యాధి ఉమ్మివలన వచ్చును, వచ్చిన పిమ్మట చికిత్స లేదు. కఱచినను, గీరినను, చేతిమీది గాయమున ఉమ్మి పడినను, సబ్బుతో పదునైదు నిమిషములు పాఱునీటిలో కడిగి, ఆనాడే మనుష్యుల దవాఖానకు పోయి టీకా క్రమమును ఆరంభింపవలయును. పెంచుకొను కుక్కకు మూడునెలల వయస్సునుండి ఏటేట టీకా వేయించుచున్నచో ఈ భయము చాలవఱకు తొలగును. పాశ్చరు 1885లో తొలిసారి ఒక బాలునికి ఈ టీకా ఇచ్చిన జులై 6వ తేదీన పశువుల దవాఖానలలో దానిని కుక్కలకు ఉచితముగ వేయుట ఆచారమైనది.

గాయము పూడినపుడు పైకి వచ్చు క్రొత్తపొర గులాబిరంగున, నునుపుగ, పలుచగ నుండును. అది చూచి కుదిరిన దనుకొని ఆనాడే కుక్కను విడిచినచో మరల మొదటికి వచ్చును. పొర దట్టమై గరుకెక్కుటకు ఇంక కొన్ని వారములు పట్టును. మొదట వాకిటి మట్టినేలపై కొద్ది అడుగులు, పిమ్మట చెఱువుకట్టపై ఉదయపు నడక, ఆ తరువాత మంద. ప్రతిసాయంకాలము పాదమెత్తి, వ్రేళ్ళసందులు విప్పి చూచుట అవసరము. మానినట్లు కనుపించి, వారమో పదిదినములో సక్రమముగ నడచి, మరల కుంట మొదలైనను, మెత్తమీద చిన్న రంధ్రమొకటి తెఱచుకొని చీమునీరు కాఱుచున్నను, లోపల ఏదో మిగిలియున్నదని అనుమానింపవలయును. గాజుపెంకైనచో ఎక్స్‌రేలో ప్రాయికముగ కనుపించును. తుమ్మముల్లు, మక్కమోటి పేడు కనుపింపవు. ఎక్స్‌రేలో ఏమియు లేదన్నంతమాత్రమున ఊఱడిల్లి ఇంటికి మరలక, ఆ రంధ్రమును మత్తుమందిచ్చి తెఱచి వెదకుమని వైద్యుని అడుగుట యజమాని హక్కు.